కుక్కకు ఇంట్లో చేసే చల్లటి ట్రీట్లు: రాయిలా గట్టిపడకుండా, కడుపు పాడవకుండా

అడిగిన ప్రశ్న క్లుప్తంగా: "మా కుక్క మూడేళ్లది, 12 కిలోలు. పెరుగు, అరటిపండు, పీనట్ బటర్ కలిపి ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తున్నాను. క్యూబ్ రాయిలా తయారవుతోంది. అది నాకకుండా పటపటా కొరికేస్తోంది. మొన్న ఐదు పెట్టిన రోజు రాత్రి విరేచనాలయ్యాయి. ఎక్కడ పొరపాటు జరుగుతోంది? సరైన కొలతలు చెప్పగలరా?"

ముందుగా ఇప్పుడే వెళ్లి ఆ పీనట్ బటర్ డబ్బా చూసి రండి. పదార్థాల జాబితాలో జైలిటాల్ అనో, బర్చ్ షుగర్ అనో, ఇ967 అనో ఉంటే ఆ డబ్బా కుక్క దరిదాపుల్లోకి రాకూడదు. 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉన్నవాటిలో ఇది ఉండే అవకాశం ఎక్కువ. మనుషులు మామూలుగానే తినే తీపి ఇది. కుక్క ఒంట్లోకి వెళ్తే మాత్రం క్లోమం ఒక్కసారిగా ఇన్సులిన్ వదిలేస్తుంది, చాలాసార్లు అరగంట, గంటలోపే రక్తంలో చక్కెర పడిపోతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు. మీ కుక్క లెక్కలో అది 1.2 గ్రాములు, పావు టీస్పూను కంటే కాస్త ఎక్కువ. కిలోకు 0.5 గ్రాము దాటితే కాలేయం కూడా దెబ్బతినవచ్చు. వాంతి, తూలడం, నీరసంగా పడిపోవడం, ఫిట్స్ దీని లక్షణాలు. ఒక్కోసారి ఇవి కొన్ని గంటలు ఆలస్యంగా బయటపడతాయి. కాబట్టి తిన్నదని తెలిసిన వెంటనే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెట్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం సొంతంగా చేయకండి. డబ్బా వెంట తీసుకెళ్తే ఎంత తిన్నదో వెట్ లెక్క కట్టగలరు. వేరుశనగ తప్ప మరేమీ లేని పీనట్ బటర్ అన్నిటికంటే మేలు. చిటికెడు ఉప్పు ఉన్నా సర్దుకోవచ్చు, తీపి కలిపినది మాత్రం వద్దు.

డబ్బాలో తేడా లేకపోతే మీరు వాడుతున్న మూడు పదార్థాలూ మంచివే. పొరపాటు గట్టిదనంలో ఉంది, మోతాదులో ఉంది. చల్లటి ట్రీట్ అనగానే అందరూ ఏం వేయాలా అని ఆలోచిస్తారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది, గడ్డకట్టాక దాన్ని కుక్క నాకుతుందా, కొరుకుతుందా అన్నది.

కొరికితే ఏమవుతుందంటారా? కుక్క పంటి మీది ఎనామెల్ మన పళ్ల మీదికంటే బాగా పలచన, సాధారణంగా ఒక మిల్లీమీటరుకు లోపే. దవడ బలం మాత్రం చాలా ఎక్కువ. గట్టి వస్తువును పక్కపళ్ల మధ్య పెట్టి నొక్కినప్పుడు భారమంతా పైదవడలో మాంసం కోసే పెద్ద పన్ను మీద పడుతుంది. ఆ పన్ను బయటివైపు నుంచి పెచ్చులా ఊడిపోవడం పశువైద్యులు తరచూ చూసే గాయం. లోపలి నరం బయటపడినా కుక్క తిండి మానదు, రెండో వైపుతో నములుతూ గుట్టుగా భరిస్తుంది. అందుకే యజమానికి నెలల తరబడి తెలియదు. మీ కుక్కకు ఇప్పటికే క్యూబ్‌లు నమిలే అలవాటైంది కాబట్టి, ఒకసారి పెదవి పైకెత్తి రెండు వైపులా ఆ పెద్ద పళ్లను చూడండి. అంచు విరిగినట్టున్నా, మధ్యలో గులాబీ లేదా నల్ల చుక్క కనిపించినా వెట్‌కు చూపించాలి.

గట్టిదనానికి తేలికైన పరీక్ష ఒకటుంది. ట్రీట్‌ను ఫ్రీజర్ నుంచి తీసి ఐదు నిమిషాలు బయట ఉంచి, బొటనవేలి గోరుతో నొక్కండి. గోరు గుర్తు పడితే ఇవ్వొచ్చు. గోరు జారిపోతే ఇంకాసేపు ఆగండి, లేదా మిశ్రమాన్నే మార్చండి. ఆ ఐదు నిమిషాలు ఇంకో రెండు రకాలుగా కూడా పనికొస్తాయి. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన పొడి మంచుకు తడి నాలుక అంటుకుపోవచ్చు, పైపొర చెమర్చితే ఆ ఇబ్బంది ఉండదు. పైగా కుక్క తిండిని ముందు ముక్కుతో తింటుంది. బాగా చల్లబడిన పదార్థం నుంచి వాసన పెద్దగా పైకి రాదు. ఎంతో ఇష్టంగా చేసిన ట్రీట్‌ను కుక్క మూతి పెట్టి చూసి వదిలేసిందంటే చాలాసార్లు కారణం రుచి నచ్చకపోవడం కాదు, వాసన అందకపోవడం.

ఇక రాయిలా ఎందుకవుతోందో చూద్దాం. కొనే ఐస్‌క్రీమ్ -18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉన్నా చెంచాకు లొంగుతుంది. కారణం దానిలోని చక్కెర, కొవ్వు, గాలి. చక్కెర కరిగిన నీరు సున్నా కంటే కిందికి వెళ్తేగానీ గడ్డకట్టదు, అందువల్ల కొంత నీరు ఎప్పుడూ ద్రవంగానే మిగిలిపోతుంది. కొవ్వూ గాలి బుడగలూ మంచు పలుకుల మధ్య దూరి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడతాయి. కుక్క కోసం చేసేదాంట్లో చక్కెర వేయకూడదు, కొవ్వు పెంచకూడదు. మామూలు పెరుగులో నూటికి 85 పాళ్లకు పైగా నీరే. దాన్ని కదపకుండా క్యూబ్‌గా గడ్డకట్టిస్తే పెద్ద పెద్ద మంచు పలుకులు కట్టి గట్టి దిమ్మలా తయారవుతుంది. మన చేతిలో మిగిలినవి నాలుగే: నీరు తగ్గించడం, పీచున్న గుజ్జు కలపడం, గాలి చేర్చడం, పలచగా పోయడం. కాస్త జెలటిన్, అంటే ముద్ద కట్టించే పొడి, వేస్తే పలుకులు చిన్నవిగా కడతాయి. కరిగేటప్పుడు కూడా నీళ్లలా పారిపోకుండా ముద్దగా నిలుస్తుంది, నేల పాడవదు.

మీ మిశ్రమాన్నే ఇలా మార్చి చూడండి. తీపి, ఫ్లేవర్ లేని పెరుగు 200 గ్రాములు పలచటి గుడ్డలో కట్టి, గిన్నె మీద జల్లెడలో పెట్టి ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచండి. తేట కారిపోయి దాదాపు 120 గ్రాముల గట్టి పెరుగు మిగులుతుంది. తొక్క, గింజ తీసి ఉడికించి మెత్తగా మెదిపిన గుమ్మడికాయ గుజ్జు 100 గ్రాములు, బాగా మగ్గిన అరటిపండు 60 గ్రాములు, పీనట్ బటర్ 10 గ్రాములు సిద్ధంగా పెట్టుకోండి. 40 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ల మీద 3 గ్రాముల జెలటిన్ పొడి, అంటే ఒక టీస్పూను, చల్లి ఐదు నిమిషాలు నాననివ్వండి. అది ఉబ్బాక సన్నసెగ మీద కరిగే వరకే వేడి చేయండి. మరిగిస్తే దాని పట్టు తగ్గిపోతుంది. అది గోరువెచ్చగా ఉన్నప్పుడే పీనట్ బటర్ దాంట్లో కలిపేయండి. పీనట్ బటర్‌ను నేరుగా చల్లటి పెరుగులో వేస్తే ఉండలు కడుతుంది, ఒక ముక్కలో అంతా అదే, ఇంకో ముక్కలో అసలు లేకుండా పోతుంది. తర్వాత గుమ్మడి, అరటి గుజ్జులు, చివరగా పెరుగు వేసి బీటర్‌తో రెండు నిమిషాలు గిలక్కొట్టండి. మిశ్రమం తేలికపడి కాస్త పొంగినట్టు కనిపిస్తుంది. ఆ గాలి తప్పించుకునేలోపే అచ్చుల్లో పోయాలి, పక్కన పెట్టి వేరే పనిలో పడితే మళ్లీ కూర్చుకుపోతుంది.

15 మిల్లీలీటర్ల అచ్చు ఉంటే పూర్తిగా నింపకండి, 10 మిల్లీలీటర్లు చాలు. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అంచుదాకా నింపితే పక్క ముక్కలతో అతుక్కుని విడదీయడం కష్టమవుతుంది. పలచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది కూడా, త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నవిగా ఉంటాయి. సిలికాన్ ట్రే వాడుతుంటే కింద ఒక పళ్లెం పెట్టాకే నింపండి. నింపాక ఎత్తితే ట్రే వంగి సగం ఒలికిపోతుంది. ఈ పరిమాణానికి మూడు గంటలు సరిపోతుంది. దాదాపు 33 ముక్కలు వస్తాయి, ఒక్కోదానిలో సుమారు 8 కేలరీలు.

ఈ కేలరీల లెక్క దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ రెండో సమస్యకు మూలం ఇక్కడే ఉంది. ట్రీట్లన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదన్నది పశుపోషణ నిపుణులు పాటించే హద్దు. విశ్రాంతిగా ఉన్న కుక్కకు కావాల్సిన శక్తిని, బరువు కిలోల్లో తీసుకుని దాన్ని 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణించి లెక్కిస్తారు. 12 కిలోలకు అది సుమారు 450 కేలరీలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకు దాన్ని 1.6తో గుణిస్తారు: సుమారు 720. అంటే మీ కుక్క ట్రీట్ల వాటా రోజుకు 72 కేలరీలు. 5 కిలోల కుక్కకు ఇది 37, 20 కిలోలకు 106, 30 కిలోలకు 144. మామూలుగా చేసే తీరులో 200 గ్రాముల పెరుగు, ఒక అరటిపండు, రెండు టేబుల్ స్పూన్ల పీనట్ బటర్ వేస్తే మొత్తం దాదాపు 400 కేలరీలు. అందులో సగానికి దగ్గరగా పీనట్ బటర్‌దే. 16 క్యూబ్‌లు చేస్తే ఒక్కోటి 25. ఐదు పెట్టారంటే 125, వాటా కంటే చాలా ఎక్కువ. రోజంతా ఇచ్చే బిస్కెట్లు, శిక్షణ కోసం ఇచ్చే ముక్కలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

విరేచనాలకు కారణం ఒక్కటే అని తేల్చలేం, ఇందులో మూడు కలిసి ఉండవచ్చు. ఒకటి కొవ్వు, పైన చూసినట్టు పీనట్ బటర్ నుంచి. రెండోది పాలలోని లాక్టోజ్. పెద్దయిన కుక్కల్లో చాలావాటికి దాన్ని జీర్ణం చేసే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. పాలలో దాదాపు 5 శాతం లాక్టోజ్ ఉంటే, పులిసే క్రమంలో పెరుగులో కొంత తగ్గుతుంది. గుడ్డలో కట్టి తేట ఓడిస్తే ఇంకొంత పోతుంది. మేకపాలు కుక్కలకు పడతాయని చాలామంది నమ్ముతారు గానీ, వాటిలోనూ లాక్టోజ్ ఆవుపాలకు దగ్గరగానే ఉంటుంది. మూడోది వేగం. నాకితే ఒక క్యూబ్‌కు ఐదారు నిమిషాలు పడుతుంది. నమిలి మింగితే ఐదు క్యూబ్‌లూ రెండు నిమిషాల్లో కడుపులో ఉంటాయి.

అందుకే మీ కుక్కలాంటి నమిలే కుక్కలకు క్యూబ్ కంటే లిక్ మ్యాట్ చాలా మంచిది. గాళ్లు, బుడిపెలు ఉన్న ఆ సిలికాన్ పలక మీద మిశ్రమం అర సెంటీమీటరు మందాన పట్టించి గడ్డకట్టిస్తే కొరకడానికి పళ్లకు పట్టు దొరకదు, నాలుకతోనే పని చేయాలి. దీనికి పలచటి మిశ్రమం చాలు: గుమ్మడి గుజ్జు 100 గ్రాములు, పెరుగు 60 గ్రాములు, నీళ్లు 40 మిల్లీలీటర్లు. మొత్తం 60 కేలరీలు కూడా ఉండదు, రెండు మూడు సార్లకు వస్తుంది. గంటన్నరలో గడ్డకడుతుంది. చెంచా వెనకవైపుతో గాళ్లలోకి గట్టిగా అదిమి పట్టించండి. పైపైన పూస్తే అప్పడంలా ఒకే పొరగా ఊడి వచ్చి, కుక్క దాన్ని పట్టుకుని నమిలేస్తుంది. మ్యాట్ జారకుండా కింద తడిగుడ్డ వేయండి, కుక్క తింటున్నంతసేపూ దగ్గరే ఉండండి. తిండి అయిపోయాక కొన్ని కుక్కలు సిలికాన్‌ను పీకి మింగుతాయి, ఆ ముక్క పేగులో అడ్డుపడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. నాకడం ఆగగానే మ్యాట్ తీసేయండి.

కేలరీల బెంగ అసలు లేకుండా చేయాలంటే రోజూ పెట్టే తిండినే గడ్డకట్టించడం అన్నిటికంటే తెలివైన పద్ధతి, దీన్ని ఎక్కువమంది ప్రయత్నించరు. డ్రై ఫుడ్ 40 గ్రాములు పక్కకు తీసి, అంత మేరకు గిన్నెలో తగ్గించేయండి. 60 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, చేత్తో మెదిపి, ఒక టేబుల్ స్పూను గుమ్మడి గుజ్జు కలిపి కాంగ్ లాంటి బోలు రబ్బరు బొమ్మలో నింపండి. వదులుగా నింపాలి, దట్టించి కుక్కితే లోపలిది బయటికి రాదు. బొమ్మకు రెండు వైపులా రంధ్రాలు ఉండి తీరాలి. ఒకే రంధ్రం ఉన్న బొమ్మలో నాలుక పెట్టి లాగినప్పుడు లోపలికి గాలి వెళ్లే దారి లేక, ఆ పీల్పుకు నాలుక బిగుసుకుపోతుంది. ఇది నిజంగా జరిగే ప్రమాదం, నాలుక వాచిపోయి బయటికి రాక కుక్కలు చాలా బాధపడతాయి. రెండు రంధ్రాలున్నా గడ్డకట్టిన తిండి చిన్నదాన్ని మూసేస్తుంది కాబట్టి, నింపేటప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకు ఒక స్ట్రా గుచ్చి అలాగే ఫ్రీజర్‌లో పెట్టండి. ఇచ్చే ముందు స్ట్రా మెలితిప్పి లాగేస్తే గాలికి దారి మిగులుతుంది. చిన్న రంధ్రం కిందికి ఉండేలా గ్లాసులో నిలబెడితే కారిపోదు.

మొదటిసారే పూర్తిగా గడ్డకట్టిన బొమ్మ ఇస్తే చాలా కుక్కలు రెండు నిమిషాలు ప్రయత్నించి వదిలేస్తాయి, యజమాని 'దీనికి ఇష్టం లేదు' అని తేల్చేస్తారు. మొదటి రెండు రోజులు గడ్డకట్టించకుండా ఇవ్వండి. తర్వాత గంట మాత్రమే ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి. పని నేర్చుకున్నాక రాత్రంతా ఉంచినది ఇవ్వండి. మధ్యస్థంగా ఉన్న బొమ్మ లోపలిదాకా గడ్డకట్టడానికి ఆరు గంటలైనా పడుతుంది.

నీళ్లు సరిగా తాగని కుక్కలకు బ్రాత్ ముక్కలు, అంటే మాంసం, ఎముకలు కాచిన రసాన్ని గడ్డకట్టించినవి, బాగా పనికొస్తాయి. ఎముకలున్న కోడిమాంసం అర కిలో, లీటరున్నర నీళ్లు, ఒక క్యారెట్. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏదీ వేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా పొడి అయినా కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. కొనే సూప్ క్యూబ్‌లలో వాటి పొడులు, ఉప్పు దండిగా ఉంటాయి కాబట్టి వాటిని వాడకండి. సన్నసెగ మీద రెండు గంటలు కాచి, సన్నటి జల్లెడలో రెండుసార్లు వడకట్టండి. రెండోసారి తప్పనిసరి, సన్నటి ఎముక చీలికలు మొదటి వడపోతలో జారిపోతాయి. ఉడికిన ఎముక పెళుసుబారి సూదుల్లా చీలుతుంది, కుక్కకు పెట్టకూడదు, మూత ఉన్న చెత్తబుట్టలోనే వేయాలి. గిన్నెను చల్లటి నీళ్ల తొట్టిలో నిలబెట్టి రెండు గంటలలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్ సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే గానీ చంపదు. గదిలో గంటల తరబడి వదిలేసినదాన్ని తర్వాత గడ్డకట్టించినా లాభం లేదు. మర్నాటికి పైన తెల్లగా పేరుకున్న కొవ్వు పొరను చెంచాతో మొత్తం తీసేయండి. కొవ్వు ఎక్కువైతే కొన్ని కుక్కలకు క్లోమం వాచే జబ్బు వస్తుంది, అది చాలా నొప్పితో కూడినది, ప్రాణాల మీదికి కూడా రావచ్చు. కొవ్వు కింద బ్రాత్ ముద్దలా తొణికితే ఎముకల్లోని జెలటిన్ దిగిందని అర్థం, అది గడ్డకట్టినా వట్టి మంచు కంటే కాస్త మెత్తగా ఉంటుంది. నీళ్లలాగే ఉంటే పావు లీటరుకు 3 గ్రాముల జెలటిన్ కలపండి, లేకపోతే అవి వట్టి మంచుగడ్డలే, మళ్లీ పళ్ల సమస్య. మాంసాన్ని సన్నటి పోగులుగా తీసి ముక్కకు 3 గ్రాముల చొప్పున వేయొచ్చు. గట్టి ముక్క తినకూడని ముసలి కుక్కకు, పళ్లు పోయినవాటికి ఇదే బ్రాత్ ముక్కను నీళ్ల గిన్నెలో వేసి కరగనివ్వండి.

పండ్ల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. పుచ్చకాయ గింజలు, తొక్క తీసి, యాపిల్ మధ్య భాగం, గింజలు తీసేసి, బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ చితిపి వాడొచ్చు. పుచ్చకాయలో నూటికి 90 పాళ్లకు పైగా నీరు కాబట్టి గుజ్జును వెడల్పాటి పళ్లెంలో పోసి, నలభై నిమిషాలకోసారి ఫోర్కుతో గీరి పలుకుపలుకుగా చేస్తే రాయి కాదు. పచ్చి అనాస, బొప్పాయి, కివీ జెలటిన్‌తో కలపకండి. వాటిలోని ఎంజైములు జెలటిన్‌ను విరిచేస్తాయి, ఎంతసేపు ఉంచినా ముద్ద కట్టదు. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. ద్రాక్ష, కిస్మిస్ ఒక్కటి కూడా వద్దు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2021 నుంచి పశువైద్య విషనిపుణులు భావిస్తున్నారు. ఇంతవరకు తింటే పరవాలేదు అని చెప్పగల మోతాదు దానికి లేదు. చాక్లెట్, మెకడేమియా గింజలు, జాజికాయ కలిపిన తీపి గుమ్మడి డబ్బాలు కూడా ఇదే వరసలోకి వస్తాయి.

పుల్లలు గుచ్చి ఐస్‌ఫ్రూట్‌లా చేయాలని సరదా పడేవాళ్లు ఎక్కువ. చెక్కపుల్ల వద్దు, కుక్క దాన్ని విరిచి మింగేస్తుంది. దాని బదులు క్యారెట్ పుల్ల పెట్టమంటారు, అది గడ్డకట్టాక చాలా గట్టిగా అయి కూర్చుంటుంది. పుల్ల లేకపోతే కుక్కకు వచ్చే లోటేమీ లేదు. క్యారెట్‌ను తురిమి మిశ్రమంలో కలపండి. పళ్లు వచ్చే కుక్కపిల్లలకు, అంటే మూడు నుంచి ఆరు నెలల మధ్య వాటికి, గడ్డకట్టిన క్యారెట్ కంటే శుభ్రమైన దళసరి గుడ్డను బ్రాత్‌లో తడిపి ముడేసి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచి ఇవ్వడం చిగుళ్లకు హాయి. దారాలు లేస్తే ఆ గుడ్డ మార్చేయాలి. బాగా చిన్న పిల్లల ఒంటి వేడి త్వరగా పడిపోతుంది కాబట్టి ఎనిమిది వారాల లోపు వాటికి మంచు పదార్థాలేవీ వద్దు.

గడ్డకట్టిన ముక్కలను ట్రేలోనే వదిలేస్తే రెండు వారాల్లో పైన మంచుపొడి పట్టి, ఫ్రీజర్ వాసన పీల్చుకుంటాయి. మూడు గంటలయ్యాక ట్రే అడుగును గోరువెచ్చని నీళ్లలో పది సెకన్లు ముంచి ముక్కలు రాల్చి, గాలి నొక్కి తీసేసిన జిప్ సంచిలో వేసి తేదీ రాయండి. రెండు నెలల్లోపు వాడేయండి. ఎప్పుడైనా సంచిలో ముక్కలు అడుగున చదునుగా సాగి అతుక్కుని కనిపిస్తే, మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టాయని అర్థం, పారేయండి. తిని వదిలేసిన బొమ్మ గదిలో రెండు గంటలు దాటి ఉంటే అందులోది తిరిగి ఫ్రీజర్‌లోకి వెళ్లకూడదు. బాటిల్ బ్రష్‌తో, వేడినీళ్లతో లోపలంతా కడగాలి. ఇంట్లో రెండు కుక్కలుంటే వేర్వేరు గదుల్లో ఇవ్వండి, నెమ్మదైన కుక్కలు కూడా ఇలాంటి తిండి దగ్గర గుర్రుమంటాయి.

షుగర్ ఉన్న కుక్కకు అరటిపండు తీసేసి, గుమ్మడి, బ్రాత్‌లతోనే చేయండి. క్లోమం జబ్బు వచ్చిపోయినదానికి పీనట్ బటర్ పూర్తిగా మానేసి, పెరుగు వెన్న తీసినది వాడండి. మూత్రపిండాల జబ్బు ఉన్నా, మూత్రాశయంలో రాళ్లు వచ్చినా ఏ పదార్థం వాడేదీ వెట్‌ను అడిగాకే నిర్ణయించండి, వాటికి భాస్వరం, పొటాషియం, ఆక్సలేట్ల లెక్కలు వేరుగా ఉంటాయి.

మంచు తింటే కుక్క కడుపు ఉబ్బి మెలిపడుతుందన్న భయం చాలామందిలో ఉంది. దానికి కారణం మంచు కాదు. ఆబగా, గాలి మింగుతూ ఒక్కసారిగా బోలెడంత తినడం, తాగడం వల్ల పెద్ద ఛాతీ ఉన్న జాతుల్లో ఆ ప్రమాదం పెరుగుతుంది. అయితే వడదెబ్బ తగిలిన కుక్కకు చల్లటి ట్రీట్ పెట్టి వైద్యం అయిపోయిందనుకోవడం నిజంగా ప్రమాదం. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతున్న కుక్క సరిగా మింగలేదు, ముక్క గొంతుకు అడ్డుపడవచ్చు. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటిందంటే ప్రతి నిమిషమూ విలువైనదే. నీడలోకి చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, ఫ్యాను గాలి తగిలేలా చూస్తూ వెట్ దగ్గరికి బయల్దేరాలి.

ఇప్పుడు మీ కుక్క సంగతి. విరేచనాలు పూర్తిగా ఆగి, మలం గట్టిపడ్డాక మరో మూడు రోజులు ట్రీట్లేవీ వద్దు, మామూలు తిండే పెట్టండి. విరేచనంలో రక్తం కనిపించినా, వాంతులు తోడైనా, రెండో రోజుకూ తగ్గకపోయినా వెట్‌కు చూపించండి. ఆ తర్వాత లిక్ మ్యాట్ మీద వట్టి గుమ్మడి గుజ్జు రెండు టేబుల్ స్పూన్లతో మొదలుపెట్టి మూడు రోజులు అదే ఇవ్వండి. కడుపు కుదురుగా ఉంటే ఒక టేబుల్ స్పూను గట్టి పెరుగు చేర్చి ఇంకో మూడు రోజులు చూడండి. పెరుగు వేసినప్పుడే మలం మెత్తబడితే లాక్టోజ్ పడటం లేదని తేలిపోతుంది, పెరుగు బదులు బ్రాత్ వాడొచ్చు. పడితే అరటిపండు, అన్నిటికంటే ఆఖరున అర టీస్పూను పీనట్ బటర్. ఒకేసారి రెండు కొత్తవి కలిపితే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. పైన చెప్పిన ముక్కల దాకా వచ్చాక రోజుకు రెండో మూడో చాలు, అదీ గోరు దిగేంత మెత్తబడ్డాకే.